గురిగిలో మిగిలిన గింజలు

ముందు పోయినవి లెక్కపెడతాను. మంచాన పడిన రోజులు నలభై: ఇంట్లో ఆరు, నల్లగొండ దవాఖానలో ఇరవై నాలుగు, మళ్ళీ ఇంట్లో పది. ఒంటి బరువులో పద్నాలుగు సేర్లు. నూలు తూచే కాంటా మీద కూర్చుని తూచుకున్నాను కాబట్టి ఒక సేరు అటూ ఇటూ. తల వెంట్రుకల్లో సగానికి పైన. కాలి గోళ్ళు రెండు. మగ్గం మీద సగం నేసి వదిలిన చీర ఒకటి, దాన్ని ఎలుకలు కొరికాయి. ఎడమ చెవి వినికిడిలో పావు వంతు. కారం మీద ఇష్టం మొత్తం పోయింది కానీ, తర్వాత మొత్తం తిరిగొచ్చింది. దాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను.

ఇవన్నీ కలిపినా పోయిన ఇంకొకదానికి సరిరావు. నాకు లెక్క పోయింది.

మా ఊళ్ళో మగ్గాలు ఎనభై రెండు. చదువు నాకు మూడో తరగతితో ఆగింది, అదీ ఉర్దూలో. మిగతాది చీరల అంచులు చూసి, పోగులు లెక్కపెట్టి, పలక మీద తుడిచి తుడిచి నేర్చుకున్నాను. కొత్త చీర వేయాలంటే పడుగుకు, అంటే నిలువు దారాలకు, ఎన్ని పోగులు, అంచుకు ఎన్ని, ఏ రంగు ఎంత అని అందరూ నన్నే అడిగేవారు. "లెక్కల నర్సయ్య" అంటేనే నేను దొరికేవాణ్ణి. అలాంటి నాకు నలభై నాలుగో ఏట ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఎక్కాలన్నీ వెంట తీసుకుపోయింది. అది జరిగింది పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో. జ్వరం తగ్గినా తల పనిచేయడం లేదని భయపడేవాళ్ళు ఇది చదివితే కాస్త ధైర్యపడతారని రాస్తున్నాను. నా ధైర్యం కోసం కూడా.

జ్యేష్ఠం

మొదటి ఆరు రోజులు ఇంట్లో గొడవతోనే గడిచాయి. ఇలాంటి జ్వరాన్ని ఇరవై ఒక్క రోజులు కదిలించకూడదని మా అమ్మ. ఒక్క రోజు కూడా ఆగకూడదని నా భార్య రాజమ్మ.

"దవాఖానకు పోయినోళ్ళు నడిసి వచ్చిన్రా ఎన్నడన్న?" అని అమ్మ.

"ఇంట్ల పండినోళ్ళు లేసి నడిసిన్రా అత్తా?" అని రాజమ్మ.

మూడో రోజుకు ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఏది చెప్పుకోవాలన్నా నా ద్వారానే. "నీ పెండ్లానికి చెప్పు, జావ పలసగ కాయమని" అని అమ్మ ఆ పక్కనుంచి, "మీ అమ్మకు చెప్పు, కాసుడు నాకొచ్చని" అని రాజమ్మ ఈ పక్కనుంచి. ఒళ్ళు కాలిపోతుంటే నేను మధ్యలో తపాలా మోశాను. ఆరో రోజు పొద్దున అమ్మ నుదురు తడిమితే నేను "ఎవలక్కా నువ్వు?" అన్నానట. అంతే. బండి కట్టించింది అమ్మే. రాజమ్మ ఇంకా చీర మార్చుకోకముందే బండిలో ఎక్కి కూర్చుంది.

దవాఖాన వరండాలో గోడ వెంబడి జనం. మా వంతు ఎప్పుడొస్తుందో చూద్దామని ముందున్నవాళ్ళను లెక్కపెట్టాను. పదిహేడు. సరిచూసుకుందామని మళ్ళీ లెక్కపెడితే పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెడితే పద్నాలుగు. ఎవరూ లేవలేదు, ఎవరూ రాలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ మనుషులను లెక్కపెట్టడంలో నేను తప్పింది అదే మొదటిసారి. జ్వరానికి భయపడని నేను అక్కడ భయపడ్డాను.

దేవరకొండ దిక్కు ఆమె ఒకామె, చేతికి కట్టుతో కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగింది.

"నాది కట్టు మార్చుకునుడే గదా. మీరు ముంగట పోండ్రి," అంది రాజమ్మతో. "గీ ఇసనకర్ర ఉంచుకో బిడ్డా. లోపల ఉబ్బరిస్తది."

ఆ విసనకర్ర ఇరవై నాలుగు రోజులూ నా మంచం మీద ఉంది. ఆమె పేరు మేము అడగలేదు.

ఆషాఢం

దవాఖానలో జరిగిన వైద్యం నాకు పెద్దగా గుర్తు లేదు. గోడకు సున్నం పెచ్చులూడిన చోటు ఒకటి గొర్రె తలలా ఉండేది, అది గుర్తుంది. అమ్మ, రాజమ్మ ఆ మంచం కిందే ఒకే చాప మీద పడుకుని మాటలు కలుపుకున్నారు, అది గుర్తుంది. జ్వరం విడిచిన రోజు ఇద్దరూ ఒకరి తలలో ఒకరు పేలు చూసుకున్నారు.

ఇంటికి పంపే రోజు కంపౌండర్ సాబ్ మందులు ఇవ్వడానికి వచ్చాడు. తెల్ల గడ్డం, చెవి మీద పెన్సిలు. రాజమ్మ అప్పటికే ఆయన దగ్గర నా గురించి గొప్పలు చెప్పి ఉంది.

"నర్సయ్యా, నువ్వు లెక్కల మనిషివట గదా. పూటకు రెండు గోలీలు, దినానికి మూడు పూటలు, తొమ్మిది దినాలు. ఎన్ని ఇయ్యాలె, నువ్వే చెప్పు."

రెండు మూళ్ళు ఆరు. అక్కడి దాకా వచ్చాను. ఆరు తొమ్మిదులు అనుకునేసరికి అక్కడేమీ లేదు. ఖాళీగా ఉన్నా బాగుండేది. మా పక్కింటి వీరయ్య నిచ్చెన వచ్చి నిలబడింది. ఏడాది కింద అడిగి తెచ్చి తిరిగి ఇవ్వనిది. దాన్ని తోసి మళ్ళీ ఆరు తొమ్మిదులు అనుకున్నాను. మేనమామకు రాయని జాబు వచ్చింది. మూడోసారి అనుకుంటే, తెగిన మంచం నులక. నా కళ్ళనుంచి నీళ్ళు కారాయి.

ఆయన యాభై నాలుగు గోలీలు లెక్కపెట్టి పొట్లం కట్టి, మంచం మీద కూర్చున్నాడు.

"ఏమొస్తాంది మనసుల?"

"నిచ్చెన వస్తాంది సాబ్."

"నిచ్చెనా!" ఆయన నవ్వలేదు. అన్నీ అడిగి విన్నాడు. "సూడు భయ్యా, నీ దిమాఖ్‌ల కిరాయిదార్లు శానమంది ఉన్నరు. తాకత్ ఉన్నన్ని దినాలు వాళ్ళ లొల్లి నీకు ఇనరాలె. గిప్పుడు ఇనొస్తాంది. ఒక్కొక్కన్ని ఖాళీ చేయించు. జాగా దొరికితే లెక్క దానంతటదే వస్తది."

"రాకుంటే?"

"రాకుంటే నా దగ్గరికి రా. ఇద్దరం కూసోని గోలీలు లెక్కపెడదాం. నాకు గూడ ఒక్కోపారి తప్పుతది."

శ్రావణం

ఇంటికొచ్చాక పది రోజులు పడుకునే ఉన్నాను. మగ్గాలవాళ్ళు వచ్చి పలకరించి, లెక్క అడగబోయి ఆగి వెళ్ళిపోయేవారు. దసరా చీరలకు భాద్రపదంలో పడుగులు పడాలి. లెక్క చెప్పేవాణ్ణి నేను. నాకేమో ఆరు తొమ్మిదులు కూడా రావు. అప్పటికీ రాకపోతే వాళ్ళు ఇంకొకరిని వెతుక్కోక తప్పదు. ఆ తర్వాత నేను వట్టి నర్సయ్యను.

అప్పుడే నా బావమరిది హన్మంతు మక్తల్ నుంచి దిగాడు. రాజమ్మ తమ్ముడు. విత్తనాలు వేసి, కలుపు తీతకు ముందు నాలుగు రోజులు తీరిక దొరికిందని అక్కను చూడటానికి వచ్చాడు. మా పెళ్ళి తర్వాత మా ఇంట్లో అతను రెండు పూటలకు మించి ఉండటం అదే మొదలు.

"జ్వరమొచ్చి చిక్కినవా బావా, మా అక్క కూర తిని చిక్కినవా?"

"రెండూ," అన్నాను.

కంపౌండర్ మాట చెబితే హన్మంతుకు బాగా నచ్చింది. "అయితే కిరాయిదార్లను లెక్కబెడదాం పా," అని లేచాడు. నేను ఇంకా కలం పట్టుకునే స్థితిలో లేను. ఇంట్లో మిగతావాళ్ళకు రాయడం రాదు. అందుకని అమ్మ ఒక ఏర్పాటు చేసింది. నేను మిగిలిపోయిన పనులు ఒక్కొక్కటే చెప్పాలి. అమ్మ పైకి లెక్కపెట్టాలి. లెక్కకొక చింతగింజ హన్మంతు గురిగిలో, అదే చిన్న మట్టికుండలో, వేయాలి. పని తీరినప్పుడల్లా ఒక గింజ తీసేయాలి.

అమ్మకు లెక్క పది దాకానే. పది కాగానే గోడ మీద బొగ్గుతో గీత గీసి మళ్ళీ మొదలుపెడుతుంది. గింజలు కొలిచేటప్పుడు ఎలా లెక్కపెడుతుందో అలాగే.

"వీరయ్య నిచ్చెన," అన్నాను కళ్ళు మూసుకుని.

"లాభం," అంది అమ్మ. ఒకటి అనదు. గురిగిలో టక్కుమంది.

"మంచం నులక."

"రెండు."

"మామకు జాబు."

"మూడు."

అలా సాగింది. వాన నీళ్ళు దిగే మూల పెంకు. దవాఖానామె విసనకర్ర. ఊళ్ళో ఒకాయనకు పెట్టెకు తాళం చేయిస్తానన్న మాట. భజనకు వస్తానని మూడేళ్ళుగా చెబుతున్న అబద్ధం. కొన్ని ఇంత చిన్నవా అని సిగ్గుపడ్డాను. ఇలాంటివి మోసుకుంటూ నేను ఎనభై మగ్గాల లెక్క ఎలా చేశానో!

పొయ్యి దగ్గరనుంచి రాజమ్మ అంది: "ఇంకొకటున్నది. పెండ్లయిన కొత్తల నాకు ఇరవై ఎక్కాలు నేర్పుతనన్నవ్. పద్దెనిమిదేండ్లాయె."

"గింజ వెయ్యాల్నా బావా?" హన్మంతు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"వెయ్యి."

చివరిది ఒకటి ఉంది. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

"యాదగిరికి చెప్పాల్సిన మాట ఒకటున్నది," అన్నాను.

గురిగిలో గింజ పడింది. అమ్మ లెక్క ముగించింది. గోడ మీద మూడు గీతలు, పైన ఆరు.

మర్నాడు హన్మంతు నిచ్చెన భుజాన పెట్టుకుంటే నేను వెనక కర్ర పట్టుకుని నడిచాను. వీరయ్య దాన్ని చూసి తెల్లబోయాడు. "ఇది నాదేనా? పోయిందనుకోని ఇంకోటి చేయించుకుంటి," అన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు జ్వరం వచ్చినప్పటినుంచీ పట్టని నిద్ర పట్టింది. హన్మంతు మక్తల్ వెళ్ళిపోయాడు. నేను రోజుకొకటి, ఓపిక ఉంటే రెండు తీర్చుకుంటూ పోయాను. తీసిన గింజను రాజమ్మ పసుపు డబ్బాలో వేసేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తీర్చడమంటే చేయడమే కాదని నాకు అప్పుడు తెలిసింది. తీరిన వాటిలో చేతితో చేసినవి పంతొమ్మిది. "ఇది నాతోని కాదు" అని చెప్పేసినవి తొమ్మిది. భజనవాళ్ళకు అలాగే చెప్పాను. వాళ్ళు బాధపడలేదు సరికదా, నా గొంతు వాళ్ళకు ముందే తెలుసట. తప్పు ఒప్పుకునో, ఇంకొకరి చేతికిచ్చో తీరినవి ఏడు. విసనకర్ర అలాంటిదే. నల్లగొండ పోయే బస్సు ఎక్కి, అదే వరండాలో అందరికంటే ఎక్కువ ఉక్కపోస్తున్న మనిషిని చూసి ఇచ్చి వచ్చాను.

యాదగిరి పనిని వెనక్కి నెడుతూ వచ్చాను. శ్రావణం చివర ఒక పొద్దున రాజమ్మ గురిగి తెచ్చి నా ముందు పెట్టి, "నాకు ఇనబడ్తాంది గింజ," అంది. లేచి వెళ్ళాను.

యాదగిరి మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. రెండేళ్ళ కింద అతనికి నేను ఒక పడుగు లెక్క చెప్పాను. నలభై మూడు అంగుళాలు, అంగుళానికి అరవై పోగులు. రెండు వేల ఐదు వందల ఎనభై కావాలి. నేను రెండు వేల నాలుగు వందల ఎనభై అన్నాను. గుణించేటప్పుడు చేతిలో ఉన్న ఒకటిని కలపడం మరిచాను. వంద పోగులు తక్కువ, బట్ట అంగుళమున్నరకు పైన తక్కువ. ఎనిమిది చీరలు అలా దిగాయి. నెల తర్వాత నా పలక చూసుకుంటే తప్పు కనిపించింది. చెప్పలేదు. చెబితే నా లెక్కను ఇంకెవరు నమ్ముతారు?

అన్నీ చెప్పి నిలబడ్డాను. అడ్డపోగును అటూ ఇటూ మోసే అతని నాడె ఆగింది.

"వంద పోగులా?"

"వంద."

"నా చెయ్యి గుంజుడు ఎక్కువై బట్ట దగ్గరికి వచ్చిందనుకున్న నర్సన్నా." అతను తన చేతివైపు చూసుకున్నాడు. "రెండేండ్ల సంది చెయ్యి వదులు చేసి నేస్తున్న. బట్ట జల్లెడ లెక్క వస్తాందని మా అత్త గూడ తిడ్తాంది."

గడప మీద కూర్చున్నాను. నా లెక్కలో ఎనిమిది చీరలే పాడయ్యాయి. రెండేళ్ళు ఒక మనిషి చెయ్యి పాడైందని నేను లెక్కపెట్టుకోలేదు.

యాదగిరి నాడె అందుకుని తన పాత పద్ధతిలో గట్టిగా, దబదబా నాలుగు వేట్లు వేశాడు. బట్టను వేళ్ళతో నొక్కి చూసుకున్నాడు.

"నీ లెక్క పాడుగాను!" అన్నాడు. ముఖం మాత్రం విప్పారింది. లోపలున్న భార్యను కేకేశాడు: "ఏమే, ఇటు రా! మీ అమ్మను గూడ తోలుకరా! నా చెయ్యి మంచిగనే ఉన్నదట!"

వాళ్ళంతా వచ్చి, విని, నన్ను తిట్టాల్సినంత తిట్టి, మజ్జిగ ఇచ్చారు. లేవబోతుంటే యాదగిరి అన్నాడు: "దసరా పడుగు లెక్క నువ్వే చెప్పాలె. ఇంకోని దగ్గరికి పోను."

"రాదు యాదగిరీ. నిజంగనే రాదు."

"ఈ పడుగు అయిపోనీకి ఇంక పద్దెనిమిది దినాలు పడ్తది. అందాక చూస్త."

భాద్రపదం

యాదగిరి గడువు పెట్టిన పద్నాలుగో రోజుకు గురిగిలో నాలుగు గింజలు మిగిలాయి. ఒకటి రాజమ్మ ఎక్కాలది, ఎక్కాల పుస్తకం చూసి చదివిస్తుంటే రోజూ సాయంత్రం నడుస్తోంది; ఆమెకు నిలుస్తున్నాయి, పుస్తకం మూస్తే నాకు నిలవడం లేదు. మిగతా మూడూ ఏమిటో నాకు తెలియలేదు.

ఎంత తలచుకున్నా ఏ పనీ గుర్తుకు రాదు. డబ్బాలో తీసిన గింజలు ముప్పై ఐదు, గురిగిలో నాలుగు.

"నేను లెక్కబెట్టినయి మూడు గీతలు, పైన ఆరు. ఎక్కువ ఎట్లయితది?" అని అమ్మ. ముప్పై ఆరని ఆమె మాట, ముప్పై తొమ్మిదని గింజల మాట.

నాకు అమ్మ మీదే అనుమానం. పది దాకానే వచ్చే మనిషి, ఎక్కడో గీత తప్పి ఉంటుంది. అంటే ముగ్గురు మనుషులకు నేనేదో మాట ఇచ్చాను, జ్వరం దాన్ని తినేసింది. వాళ్ళు ఎక్కడో కూర్చుని నా కోసం చూస్తూ ఉంటారు. మళ్ళీ నిద్ర కరువైంది. అప్పుడప్పుడే కుదురుకుంటున్న రెండంకెల కూడికలు కూడా చెదిరిపోయాయి. యాదగిరి గడువుకు నాలుగు రోజులున్నాయి.

ఆ మర్నాడే హన్మంతు జొన్నల బస్తాతో వచ్చాడు. అమ్మ మానికతో కొలిచి బుట్టలో పోస్తోంది. ఆనవాలుకు హన్మంతు ఒక్కో మానికకు ఒక్కో గులకరాయి పెడుతున్నాడు. నేను అరుగు మీద కూర్చుని ఊరికే చూస్తున్నాను.

"లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది..."

మా అమ్మ ఏడు అనదు. ధాన్యం ముందు కూర్చుని ఏడు, ఏడు అంటే ఏడవమన్నట్టుంటుందని ఆమె తల్లి నేర్పిన పద్ధతి. మా ఇంట్లో అందరికీ అది ఎంత అలవాటంటే, ఎవరికీ వినిపించదు. కానీ హన్మంతు చెయ్యి ఆ మాట దగ్గర రెండుసార్లు కదిలింది.

"ఆగు! గిప్పుడు రెండెందుకు పెట్టినవ్?"

"అత్తమ్మ ఆరు అని మల్ల ఆరు అన్నది, ఇంకొకటి అన్నది. రెండే గదా?"

"గది ఏడు!"

"ఏడా? మరి ఏడు అననీకి ఏమైంది? మా దిక్కు ఏడును ఏడే అంటం." అతను అమ్మవైపు చూశాడు. "ముసలిది మాట తడబడుతాంది, పైకి చెప్తే మనసు నొచ్చుకుంటదని సప్పుడు చెయ్యకుంట పెట్టిన."

"నేను తడబడ్డనా? నీకు చెవులు లేవురా!" అని అమ్మ మానిక ఎత్తింది.

నేను వాళ్ళ గొడవ వినడం లేదు. గోడ మీద బొగ్గు గీతలు మూడు. ఒక్కో గీతలో ఒక్కో ఏడు. ఏడుకొక గింజ ఎక్కువ. మూడు గీతలకు మూడు. ముప్పై తొమ్మిదిలోంచి మూడు పోతే ముప్పై ఆరు. పైన ఉన్న ఆరులో ఏడు రాదు. అమ్మ తప్పలేదు. ఎవరూ నా కోసం ఎదురుచూడటం లేదు.

అంతా అయ్యాక గాని నాకు తట్టలేదు, ఇప్పుడు నేను చేసింది లెక్క అని. మధ్యలో నిచ్చెన రాలేదు. జాబు రాలేదు. నిలబడి పెద్దగా "ఆరు తొమ్మిదులు యాభై నాలుగు!" అన్నాను. రాజమ్మ లోపలినుంచి పిండి చేతులతో ఉరికొచ్చింది.

"మల్ల అను."

"యాభై నాలుగు!"

ఆమె అక్కడే కూర్చుని, అమ్మ నోట రాకూడదనుకునే పనే చేసింది. వెంటనే నవ్వింది కూడా.

అందరం కలిసి యాదగిరి ఇంటికి వెళ్ళాం. వద్దన్నా వచ్చారు. పలక తీసుకున్నాను. నడుమ నలభై ఒక్క అంగుళాలు, అంగుళానికి అరవై నాలుగు: రెండు వేల ఆరు వందల ఇరవై నాలుగు. అంచులు రెండు, ఒక్కొక్కటి రెండు అంగుళాలు, అంగుళానికి ఎనభై: మూడు వందల ఇరవై. మొత్తం రెండు వేల తొమ్మిది వందల నలభై నాలుగు.

"పక్కానా?" అన్నాడు యాదగిరి.

అప్పటికి పన్నెండో ఎక్కం దాకా వచ్చిన రాజమ్మ నా భుజం మీదుగా వంగి, పెదవులు కదుపుతూ మొత్తం సరిచూసింది. "చేతిల ఉన్నయి కలిపిండు. పక్కా," అంది. ఆ తర్వాత ఊళ్ళో నేను ఏ లెక్క చెప్పినా "రాజమ్మ చూసిందా?" అని అడగడం మొదలైంది. ఇప్పటికీ అడుగుతారు. మంచిదే. ఇద్దరం చూస్తే తప్పు దాక్కోలేదు.

ఆ దసరాకు యాదగిరి చీరలు అంగుళం తగ్గకుండా దిగాయి. నా ఒంటి బరువులో పన్నెండు సేర్లు తిరిగొచ్చాయి, వెంట్రుకలు ముప్పావు వంతు, గోళ్ళు రెండూ. చెవి రాలేదు. తల కొంచెం అలసినట్టనిపిస్తే ఈ రోజుకీ నేను లెక్కను తిట్టను. ఏ కిరాయిదారు లొల్లి చేస్తున్నాడో చూసి, ఆ పని చేసో, చేయనని చెప్పో పంపేస్తాను.

ఐదేళ్ళలో రాజమ్మ పదిహేనో ఎక్కం దాటింది. దాటి ఆగింది. పదహారు మొదలుపెడదామంటే ఒకరోజు పప్పు మాడుతుంది, ఒకరోజు తల నొస్తుంది. మొన్న సాయంత్రం గట్టిగా అడిగాను, ఇది తీర్చేస్తే నా తలలో చివరి జాగా కూడా ఖాళీ అవుతుంది కదా అని.

"అయిపోతే రేపు పొద్దుమూకి నా పక్కన ఎందుకు కూసుంటవయ్యా?" అంది. "ఉండనియ్యి. గిది లొల్లి చెయ్యదు."

లెక్క ప్రకారం రాసుకున్నాను. ముప్పై ఆరులో ముప్పై ఐదు తీరాయి. ముప్పై ఆరోదానిలో, ఇరవై ఎక్కాలకు పదిహేను తీరాయి. నా భార్యకు నేను ఈ రోజుకీ బాకీ ఉన్నవి ఐదు.